పల్లె సంఘం

వేల్సు దేశపు పల్లెలలో పారిష్ అంటే మొదట ఒక పొలిమేర. ఆ పొలిమేరలో ఒక చర్చి, ఒక గురువు, చర్చికి రైతులు చెల్లించే దశమభాగం ఉండేవి. అక్కడ పుట్టినవాడు పుట్టుకతోనే ఆ పారిష్‌కు చెందేవాడు. తెలుగునాట గ్రామీణ క్రైస్తవ సంఘం ఇందుకు భిన్నంగా ఏర్పడింది. ఊరి నడుమ చోటు దొరకనివారే ఇక్కడ ముందుగా సంఘమయ్యారు. గుడి తరువాత వచ్చింది.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఆంగ్ల మిషనరీలు మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో పాఠశాల స్థాపించి ప్రధానంగా అగ్రవర్ణాల బాలురకు విద్య నేర్పాడు. మార్పు పైనుంచి కిందికి దిగుతుందని ఆయన ఊహ. పల్లెలలో జరిగింది వేరు. కృష్ణా మండలంలోని రాఘవాపురంలో వెంకయ్య అనే మాల పెద్ద విగ్రహారాధన విడిచి, నిజమైన దేవుడెవరో తెలియజేయుమని కొన్నేళ్లు తనంతట తానే ప్రార్థిస్తూ వచ్చాడు. కృష్ణా స్నానాలకు బెజవాడ వెళ్లినప్పుడు డార్లింగ్ అనే మిషనరీ సంగతి విని, ఆయనను కలుసుకున్నాడు. 1859లో తనవారితో కలిసి బాప్తిస్మం పొందాడు. మిషనరీ వెంకయ్యను వెదుకుతూ రాలేదు. వెంకయ్యే ఆయన వద్దకు వెళ్లాడు. ఈ సంఘాల చరిత్రలో ముఖ్యంగా గమనింపదగినది ఇదే.

18వ శతాబ్దంలో గ్రిఫిత్ జోన్స్ అనే పారిష్ గురువు సంచార పాఠశాలలు నడిపి, వేల్సు పేదలకు వారి భాషలోనే బైబిలు చదవడం నేర్పాడు. తెలుగు పల్లెలో ఆ పని చేసినవాడు ఉపదేశి. పగలు పిల్లలకు, రాత్రి కూలి ముగించుకొని వచ్చిన పెద్దలకు అక్షరాలు దిద్దించేవాడు. విస్సన్నపేట, తిరువూరు వంటి మెట్టప్రాంతాలలో కూలికి పోయే కుటుంబాలకు అక్షరం ఎంత దూరమో తలచుకుంటే ఆ రాత్రిబడి విలువ బోధపడుతుంది.

సంఘాన్ని నిలబెట్టినది స్త్రీల పిడికిలి. వంట వండే ప్రతిసారి ఇల్లాలు ఎసట్లో పోసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో దాచేది. ఆదివారం ఆ బియ్యం కానుకగా గుడికి చేరేది. కోతపండుగనాడు తొలిపంట ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి గుడి ముంగిట వేలం వేసేవారు. దశమభాగం వంటి నిర్బంధం ఇందులో లేదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. క్రైస్తవులకూ వర్తింపజేయాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. మతం మారినా వాడ మారలేదు కదా! అందుచేతనే కొన్ని కుటుంబాలలో బాప్తిస్మ పుస్తకంలో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు కనిపిస్తాయి.