సబ్బులో గంధం, చెట్టుపై హక్కు

సబ్బులు, ముఖలేపనాలు, తలనూనెల పెట్టెల మీద ‘సహజం’, ‘పర్యావరణ హితం’ అన్న మాటలు ఈనాడు విరివిగా కనిపిస్తున్నాయి. ఆకు బొమ్మ ముద్రించినంత మాత్రాన ఆ వస్తువు ప్రకృతికి మేలు చేసినట్లు కాదు. దానిలోని ముడిసరుకు ఎక్కడి నుండి వచ్చినది, తీసిన చోట మళ్లీ పెరుగుతున్నదా, పెంచినవారికి ప్రతిఫలం దక్కుతున్నదా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. ఈ మూడింటికీ శ్రీగంధం చరిత్రలో సమాధానం లభిస్తుంది. కోలారు, పావగడ, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు.

మైసూరును పాలించిన టిప్పు సుల్తాను 1792లో గంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. పాలకులు మారినా ఆ పద్ధతి మారలేదు. చెట్టు రైతు సొంత పొలంలో మొలచినా దానిపై హక్కు ప్రభుత్వానిదే. రైతుకు విలువలో కొంత భాగం మాత్రమే ముట్టేది. చెట్టు దొంగల పాలైతే మాత్రం విచారణలు, చిక్కులు అతనికే. అందువలన గట్టున గంధపు మొలక కనబడితే పీకివేయడమే క్షేమమని భావించినవారు ఎందరో ఉన్నారు. చెట్టును కాపాడడానికి చేసిన కట్టడి, దానిని పెంచవలసిన వానినే దూరం చేసినది.

ఇదే కాలంలో గంధానికి గిరాకీ పెరిగినది. మొదటి ప్రపంచ యుద్ధం వలన ఐరోపాకు గంధపు చెక్క ఎగుమతి నిలిచిపోగా, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యల చొరవతో 1916లో మైసూరులో నూనె కర్మాగారం వెలసినది. ఆ నూనెతోనే బెంగళూరులో సబ్బు తయారీ మొదలైనది. మైసూరు శాండల్ సబ్బు ఇంటింటి పేరయినది. విదేశీ సుగంధ పరిశ్రమలు కూడ భారతీయ గంధపు నూనెనే కోరుకొన్నాయి. అడవి మాత్రం ఆ వేగాన్ని అందుకోలేకపోయినది. 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం శ్రీగంధాన్ని ముప్పునకు లోనైన వృక్షాల జాబితాలో చేర్చినది.

నరికిన చోట ఇది సులభంగా తిరిగి పెరగకపోవడానికి కారణాలున్నాయి. సువాసన నిచ్చే నూనె చెట్టు లోపలి చేవలోను, వేళ్లలోను ఉంటుంది. కనుక చెట్టును మొదలంటా పెకలించి తీస్తారు. చెప్పుకోదగిన చేవ ఏర్పడడానికి పది, పదిహేను ఏండ్లు పడుతుంది. మంచి దిగుబడికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. దొంగలు లేత చెట్లను సైతం వదలకపోవడంతో విత్తనాలు రాల్చే చెట్లు తగ్గిపోయాయి. 2004లో వీరప్పన్ మరణించిన తరువాత కూడ దొంగనరుకుడు ఆగలేదు. దీనికి తోడు 1899లో కొడగులో గుర్తించిన స్పైక్ తెగులు ఉన్నది. ఆకులు కురచబారి, చెట్టు క్రమంగా ఎండిపోయే ఈ తెగులుకు నమ్మదగిన చికిత్స నేటికీ లేదు.

మలుపు చట్టంలో వచ్చినది. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో అటవీ చట్టాలను సవరించి, సొంత భూమిలోని గంధపు చెట్టుపై భూయజమానికి హక్కు కల్పించాయి. ఆ తరువాత గంధపు తోటలు వెలయసాగాయి. సబ్బు తయారుచేసే కర్ణాటక ప్రభుత్వ సంస్థ కూడ రైతుల చేత గంధం పెంచించే పథకాన్ని చేపట్టినది.

గంధపు మొక్క ఒంటరిగా బాగుగా పెరగదు. దాని వేళ్లు పక్క మొక్కల వేళ్లను పట్టుకొని నీటిని, పోషకాలను గ్రహిస్తాయి. అందుచేత నారు దశలో తోడుగా కందిని గాని, పొన్నగంటి జాతి మొక్కను గాని పెంచుతారు. పొలంలో సరుగుడు, కానుగ వంటి చెట్లను నాటుతారు. ఒకే పంటగా పెంచడానికి వీలుకాని ఈ స్వభావం వలన తోటలో ఇతర చెట్లకు కూడ చోటు దొరుకుతున్నది.

పరిశ్రమ మరి రెండు మార్గాలను కూడ అనుసరిస్తున్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కునునుర్రా ప్రాంతంలో భారతీయ గంధపు చెట్లనే పెద్ద తోటలుగా పెంచుతున్నారు. ఇంకొక వైపు ప్రయోగశాలలో రసాయనాలతోను, సూక్ష్మజీవుల సాయంతోను గంధపు వాసన నిచ్చే పదార్థాలను తయారుచేస్తున్నారు. వీటి వలన అడవి చెట్టుపై ఒత్తిడి తగ్గే అవకాశం ఉన్నది. అయితే కొనేవారికి నిజం తెలియాలి. పెట్టె మీది పదార్థాల పట్టికలో ‘శాంటాలమ్ ఆల్బమ్ ఆయిల్’ అని ఉంటే గంధపు నూనె చేర్చినట్లు. ‘ఫ్రాగ్రెన్స్’ లేక ‘పర్‌ఫ్యూమ్’ అని మాత్రమే ఉంటే ఆ పరిమళం దేని నుండి వచ్చినదో చెప్పలేము. పెట్టె మీద గంధపు చెక్క బొమ్మ ఉండడం దీనికి ప్రమాణం కాదు.

సరిహద్దు గ్రామాల వారు ఒక సంగతి ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. చెట్టుపై హక్కు వచ్చినంత మాత్రాన స్వేచ్ఛగా నరికి, బండి కెక్కించవచ్చునని అర్థం కాదు. నరకడానికి, తరలించడానికి నిబంధనలున్నాయి. అవి రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబం పొలం ఏ రాష్ట్రంలో ఉన్నదో అక్కడి అటవీ కార్యాలయంలో ముందుగా విచారించుకోవాలి. మొక్క నాటినప్పుడే భూమి పత్రాలలో చెట్ల సంఖ్య నమోదు చేయించుకొనడం మేలు. అనుమతి పత్రం లేని చెక్క ఎల్ల దాటితే, అది సొంత చెట్టుదే అయినా, పట్టుబడిన సరుకే అవుతుంది. కొద్ది ఏండ్లలో కోట్లు వస్తాయని ఊరించి మొక్కలు అమ్మేవారి మాట నమ్మేముందు చేవకు పట్టే కాలాన్ని, కాపలా ఖర్చును, తెగులు భయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

రెండు శతాబ్దాలకు పైగా కట్టుదిట్టాలు ఉండి కూడ గంధం తరిగిపోయినది. చెట్టు తనదని రైతు చెప్పుకొనగలిగిన తరువాతనే అది మళ్లీ పొలాలలో కనిపిస్తున్నది. సౌందర్య సాధనం ప్రకృతికి హితమైనదా కాదా అన్నది తేల్చేటప్పుడు అడవి లెక్కతో పాటు ఈ హక్కు లెక్క కూడ చూడవలసినదే.