పుట్టగొడుగు... కూరా? మందా?

తొలకరి పడి నాలుగు రోజులు ఉక్కపోసిందంటే చాలు, పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో పుట్టగొడుగులు అమ్మకానికి కనిపిస్తాయి. కోయ ఆడవాళ్లు పొద్దున్నే అడవికి వెళ్లి ఏరుకొచ్చి, ఆకుల్లో కుప్పలు పోసి కూర్చుంటారు. దుమ్ముగూడెం, చర్ల వైపు సంతల్లోనూ ఇదే సందడి. కుప్ప ధర వింటే 'అమ్మో' అనిపిస్తుంది. అయినా ఎండెక్కేలోగా ఖాళీ అయిపోతాయి!

ఈమధ్య ఇదే పుట్టగొడుగు వేషం మార్చుకుని మన ఇళ్లకు వస్తోంది. సీసాలో క్యాప్సూళ్లుగా, పొట్లాల్లో కాఫీగా, డబ్బాలో పొడిగా. షుగరు, బీపీ, కీళ్లనొప్పులు, చివరికి కేన్సరు... అన్నిటికీ ఇదే మందని చెప్పేవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటున్నారు. ఖమ్మంలో మా వీధిలో ఒకావిడ ఈ క్యాప్సూళ్లు మొదలుపెట్టి, "ఇంక ఆ మాత్రలెందుకులెండి" అంటూ షుగరు మాత్రలు పక్కన పెట్టేసింది. రెండు నెలలు తిరిగేసరికి కాలి మీద పుండు మానక ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. ఆవిడను చూసొచ్చాకే పుట్టగొడుగులో నిజంగా ఉన్న మేలెంత, చెప్పుకునేదెంత అని నేను ఆరా తీయడం మొదలుపెట్టాను.

చెదలు వేసిన పంట

మన అడవిలో పుట్ట మీద మొలిచేదాని కథే వింతగా ఉంటుంది. చెదపురుగులు కట్టెను, ఎండుటాకులను నమిలి పుట్ట లోపల మడుల్లా పేర్చుకుంటాయి. వాటి మీద ఒక రకం బూజును పెంచుతాయి. తమకు అరగని కట్టెను ఆ బూజు మెత్తబరిచి పెడుతుంది. వాన పడగానే ఆ బూజే గొడుగై పైకి లేస్తుంది. పురుగుతో ఇంత చుట్టరికం ఉంది కాబట్టే ఈ రకాన్ని అమ్మకానికి సరిపడా సాగుచేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. అడవికి వెళ్లి ఏరాల్సిందే. ధర అందుకే అంత!

వంటింట్లో మేలు

పుట్టగొడుగు మాంసంతో సమానమని చాలామంది అంటారు. అంత లేదు. 100 గ్రాముల పచ్చి పుట్టగొడుగుల్లో 90 గ్రాముల దాకా నీరే. మాంసకృత్తులు 3 గ్రాములు. ఒక్క కోడిగుడ్డులోనే 6 గ్రాములుంటాయి కదా! అయితే కొవ్వు దాదాపు లేదు, కేలరీలు తక్కువ, పీచు ఉంది, బి విటమిన్లు ఉన్నాయి. బరువు తగ్గాలనుకునేవారికీ, షుగరున్నవారికీ కూరగా ఇది మంచిదే.

ఇంకో మంచి గుణం ఉంది. మన చర్మంలాగే పుట్టగొడుగు కూడా ఎండ తగిలితే విటమిన్ 'డి' తయారుచేసుకుంటుంది. బజారు నుంచి తెచ్చినవాటిని ముక్కలు కోసి, వండేముందు మధ్యాహ్నపు ఎండలో అరగంట నుంచి గంటసేపు పళ్లెంలో పరిచి ఉంచండి. ఖర్చు లేని పని. ఎముకలు గుల్లబారే వయసులో ఉన్న ఆడవాళ్లకు ఇది ఉపయోగమే.

మరి మందుగా?

శిలీంధ్రాల నుంచి మందులు రావడం అబద్ధం కాదు. పెన్సిలిన్ బూజు నుంచే వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్‌ను కూడా బూజు నుంచే తీసి, 1987లో అమెరికాలో మందుగా అనుమతించారు. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లోనూ ఇది కొద్దిగా ఉంటుంది. కానీ మాత్రలో కొలత ఉంటుంది, కూరలో ఉండదు. అదీ తేడా.

క్యాప్సూళ్లలో ఎక్కువగా వినిపించే పేరు గానోడెర్మా. చైనావాళ్లు లింగ్‌ఝీ అనీ, జపాన్‌వాళ్లు రీషీ అనీ అంటారు. పక్కనున్న గోదావరి జిల్లాల కొబ్బరి రైతునడిగితే వేరేగా చెబుతాడు. చెట్టు మొదలు కుళ్లబెట్టే గానోడెర్మా తెగులు ఈ కుటుంబానిదే!

వైద్య పరిశోధనలను వడపోసి చూసే కోక్రేన్ సంస్థ దీన్ని పరిశీలించింది. షుగరు రోగుల్లో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి దీన్ని వాడవచ్చనడానికి ఆధారం లేదని, 398 మంది మీద జరిగిన ఐదు పరీక్షలు చూసి 2015లో తేల్చింది. కేన్సరు విషయంలో 373 మంది మీద జరిగిన పరీక్షలను చూసి, అసలు చికిత్సకు బదులుగా వాడేందుకు ఆధారాలు చాలవని 2016లో చెప్పింది. చికిత్సతో పాటు ఇస్తే కొంత ఉపయోగం ఉండొచ్చంది. జపాన్‌లో 1977లో మరో పుట్టగొడుగు నుంచి తీసిన మందుకు కేన్సరు చికిత్సలో అనుమతిచ్చారు. దాన్నీ ప్రధానంగా కీమోథెరపీకి తోడుగానే వాడారు.

రక్తం పలచబరిచే మందులు వాడేవారు, షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టర్ని అడక్కుండా ఈ క్యాప్సూళ్ల జోలికి పోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటికి దూరంగా ఉండటమే మేలు. రీషీ పొడి వాడి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఏరుకోవడం తెలిసినవాళ్ల పని

వానాకాలం పెరట్లో, గడ్డిలో తెల్లగా మొలిచిందల్లా తినేది కాదు. వెండి చెంచా నల్లబడితేనే విషమనీ, పురుగు తిన్నది మనమూ తినొచ్చనీ అంటారు. రెండూ నమ్మదగ్గవి కావు. కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు. అన్నిటికన్నా ప్రమాదమైన రకాలు తిన్న ఆరు గంటలకో, ఇంకా ఆలస్యంగానో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మర్నాటికి తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. కాబట్టి తగ్గిందని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మిగిలిన కూర, పుట్టగొడుగు ముక్క వెంట తీసుకెళ్లాలి.

తరతరాలుగా ఏరి, వండుకు తింటున్న కోయ ఆడవాళ్లకు ఏది ఏదో తెలుసు. ఫొటో చూసి మనం నేర్చుకునే విద్య కాదది.

ఇంట్లోనే పెంచుకుంటే?

భయం లేకుండా తినాలంటే ఇది మంచి దారి. మన ఎండలకు పాల పుట్టగొడుగు బాగా సరిపోతుంది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ వస్తుంది. చలికాలంలో ముత్యపు చిప్ప రకం వేసుకోవచ్చు. ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డి, పాలిథిన్ సంచులు, స్పాన్ అనే విత్తనం, నీడగా తేమగా ఉండే ఒక గది ఉంటే చాలు. వైరా, కొత్తగూడెం కృషి విజ్ఞాన కేంద్రాల్లో శిక్షణ, విత్తనం గురించి కనుక్కోవచ్చు.

కొన్నవైనా, పెంచినవైనా ప్లాస్టిక్ కవర్లో బిగించి పెట్టకండి. కాగితం సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు రోజుల్లో వాడేయండి. వండే ముందే కడగండి. పచ్చివి తినకుండా బాగా ఉడికించండి. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, కాస్త కారం, చివర్లో కొత్తిమీర వేస్తే చాలు, ఇంటిల్లిపాదీ ఇష్టంగా తింటారు. భోజనమయ్యాక ఎవరి మాత్రలు వాళ్లు వేసుకోవడం మాత్రం మరవొద్దు!