గిన్నె, తిత్తి, మూత: ఒక శిలీంధ్రవర్గ నామవిచారము

శాస్త్రనామము వస్తువును గుర్తింపజేయవలెను. దాని బాంధవ్యమును తప్పుగా సూచింపకుండవలెను. ఆంగ్లమున ‘కప్ ఫంగై’ అనబడువానిని తెనుగున ‘గిన్నె శిలీంధ్రములు’ అని మాటకు మాటగా వ్యవహరించుట యుక్తమా యనునది ఇచట విచార్యము.

1753లో లిన్నేయసు ‘పెజైజా’ యను ప్రజాతియందు గిన్నెవంటి శిలీంధ్రములను చేర్చెను. నేడు పక్షిగూటి శిలీంధ్రమనబడునదియు అందు చేరెను. దాని ఆకారము గిన్నెయే. వంశము మాత్రము పుట్టగొడుగులది. గిన్నెరూపము లేని మోరెల్, నేలలో పెరుగు ట్రఫుల్ అనునవియో పెజైజాకు దాయాదులు. కావున ఆకారము వర్గమునకు ప్రమాణము కాజాలదు.

ప్రమాణము సూక్ష్మదర్శినియందు దొరకినది. గిన్నె లోతట్టున సన్నని సంచులు బారులు తీరియుండును. ఒక్కొక్కదానియందు సాధారణముగా ఎనిమిది సిద్ధబీజములుండును. కొన్నింట సంచి కొన మూతవలె తెఱచుకొనును. మఱికొన్నింట రంధ్రము మాత్రమే ఏర్పడును. ఈ భేదమును ఫ్రెంచి పండితుడు బూదియే 1885లో వర్గీకరణమునకు ఆధారముగా గ్రహించెను. తరువాతి డి.ఎన్.ఎ. పరిశోధనలు మూతగలవి ఒకే వంశమునకు చెందినవనియు, మూతలేని గిన్నెలు పలు వంశములకు చెందినవనియు తేల్చినవి. ట్రఫుల్ మూతను కోల్పోయినను వంశమును బట్టి మూతగల వర్గముననే నిలిచినది.

ఆ సంచికి గ్రీకుపదమైన ‘ఆస్కస్’ తోలుసంచిని తెలుపును. కొలిమితిత్తి, నీటితిత్తి యనుచోట్ల మన ‘తిత్తి’ సరిగా అదే అర్థము నిచ్చుచున్నది. ఇంతకంటె దగ్గఱి పదము వేఱొకటి వలదు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతపు విద్యార్థికి ఈ విచారము గ్రంథమాత్రము కాదు. సమీపమున వనస్థలిపురమందు 1975లో ఏర్పడిన మహావీర హరిణ వనస్థలియందు కృష్ణజింకలు కలవు. అట్టి తృణభక్షకముల పేడపై పెరుగు ‘ఆస్కోబోలస్’ మూతగల వర్గములోనిదే. తిత్తినుండి విసరునదని దాని నామార్థము. ఏ పశువు పేడనైనను తడికాగితముపై గాజుపాత్రలో మూసియుంచినచో, కొలదివారములలో ఇట్టి చిఱుగిన్నెలు పొడసూపవచ్చును. పండిన తిత్తులు వెలుతురువైపు వంగి బీజములను విసరును. కంటికి కనబడినది గిన్నె. సూక్ష్మదర్శిని చూపినది మూతగల తిత్తి. ఈ రెండింటికిని ఒకే పేరున్నచో విద్యార్థి లిన్నేయసు తడబాటునే మరల పడును.

కావున రూపవర్ణనమునకు ‘గిన్నె’ యనియు, వర్గమునకు ‘మూతతిత్తి శిలీంధ్రములు’ అనియు వ్యవహరించుట మేలు. ‘పుట్టగొడుగు’ అన్న మన పూర్వులు తావును, రూపును మాత్రమే చెప్పిరి, వంశమును చెప్పబూనలేదు. వాడుకమాటకు అది చాలును. పరిభాష మాత్రము వంశమును గూడ చెప్పవలెను.