గల్లీ శుభ్రమైతేనే ఇంటికి సుకూన్

ఉర్దూలో నివాసాన్ని 'మస్కన్' అంటారు, మనశ్శాంతిని 'సుకూన్' అంటారు. ఈ రెండు మాటలూ ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టాయి. ఇంటిని విశ్రాంతి స్థానంగా చేయడం అల్లాహ్ అనుగ్రహమని దివ్యఖుర్‌ఆన్ 'నహ్ల్' సూరా తెలుపుతోంది. మరి తలపై కప్పు ఉన్నా గడప ముందు మురుగు నిలిచి ఉంటే ఆ ఇంట్లో సుకూన్ ఎక్కడిది?

పాకిస్తాన్‌లోని కరాచీ పేదలకు ఈ బాధ బాగా తెలుసు. 1947 విభజనతో లక్షలాది శరణార్థులు ఆ నగరం చేరారు. తర్వాత పని వెతుక్కుంటూ పల్లెలవారు, 1971 యుద్ధం తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవారు తోడయ్యారు. జనం పెరిగినంత వేగంగా ఇండ్లు పెరగలేదు. పేదలు దళారుల దగ్గర ప్రభుత్వ భూమిలోనే జాగాలు కొని గోడలు లేపుకున్నారు. నగర శివారులోని ఒరంగీ అలా వెలసిన బస్తీయే. ఇండ్లు లేచాయి గాని మురుగు కాలువలు లేవు.

1980లో అక్కడ అఖ్తర్ హమీద్ ఖాన్ 'ఒరంగీ పైలట్ ప్రాజెక్టు' ప్రారంభించారు. ఆయన 1914లో ఆగ్రాలో జన్మించారు. 1945లో ఐ.సి.ఎస్. ఉద్యోగం వదులుకొని, అలీగఢ్ దగ్గరి పల్లెలో కూలీగా, తాళాల పనివాడిగా బ్రతికిన మనిషి. కాలువలు సర్కారే ఉచితంగా వేయాలన్నది బస్తీవాసుల ఆశ. ఆ ఆశతో ఏళ్ళు గడిచాయే తప్ప మురుగు కదలలేదు.

ఖాన్ సాహెబ్ గల్లీని ఒక కుటుంబంగా లెక్కించారు. 20, 30 ఇండ్లవారు కలిసి తమ పెద్దను ఎన్నుకోవాలి. ఆయన ఇంటింటా డబ్బు కూడబెట్టాలి. ప్రాజెక్టువారు కొలతలు తీసి, ఖర్చు లెక్కగట్టి, పనిముట్లిచ్చి పని నేర్పుతారు. డబ్బు మాత్రం ఇవ్వరు. గుత్తేదారు లేనందున సర్కారీ అంచనాలో కొద్ది భాగంతోనే పని పూర్తయింది. మరుగుదొడ్డి, గల్లీ కాలువ, దాన్ని కలిపే చిన్న కాలువ ప్రజలవి; పెద్ద కాలువలు, మురుగునీటి శుద్ధి ప్రభుత్వానివి. ఒక గల్లీని చూసి మరో గల్లీ ముందుకొచ్చింది. 1999లో ఆయన కన్నుమూసేనాటికి వేలాది గల్లీల్లో కాలువలు పడ్డాయి.

ఇందులో మనకు గుణపాఠముంది. ఎగువ ఇంటి నీరు దిగువ ఇంటి ముందు నుంచే పోవాలి. ఒక్క ఇల్లు మొండికేస్తే గల్లీ అంతా ఆగిపోతుంది. తన కీడు నుంచి పొరుగువాడికి రక్షణ ఇవ్వనివాడు విశ్వాసి కాజాలడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. బాటలో మలినం చేయడాన్ని శాపకారణమన్నారు, బాట నుంచి అడ్డు తొలగించడాన్ని ఈమాన్‌లో భాగమన్నారు. వుజూకు నీరు శుభ్రమైనదా అని చూసుకునే మనం, ఆ నీరు ఎవరి గడప ముందు ఆగుతోందో చూస్తున్నామా?

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వాన్ని అడగవలసిందే, గట్టిగా అడగవలసిందే. అయితే గల్లీ ఒక్కటైతేనే ఆ మాటకు బలం. ఈ రోజు జుమా నమాజు ముగించి ఇంటికి వెళ్తూ, మన గల్లీలో నీరు ఎక్కడ నిలిచిందో ఒకసారి చూద్దాం. ఆ పక్కింటి తలుపు తట్టి సలాం చెప్పి, మాట మొదలుపెడదాం.