ఇంటివద్ద వృద్ధసేవ : వృత్తి మార్చుకొనేవారికి

పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోయడం నేర్పే పెద్దవారు మన ప్రతి ఇంటా ఉన్నారు. మంచం పట్టిన పెద్దవారికి ఒళ్లు తుడవడం నేర్పేవారు మాత్రం దాదాపు ఏ ఇంటా లేరు. ఇంతకాలం ఆ అవసరం కోడలి చేతులమీదుగానో, కూతురి చేతులమీదుగానో, ఎవరూ గమనించకుండానే తీరుతూ వచ్చినది. నేడు పిల్లలు ఉద్యోగాలకై దూరదేశాలకు వెళుతున్నారు. ఇంటిలోని స్త్రీలు కూడా ఉదయమే పనులకు బయలుదేరుతున్నారు. కావున పెద్దలను వారి ఇంటివద్దనే కనిపెట్టి ఉండే పని ఒక వృత్తిగా రూపొందుతున్నది. ఇతర పనులు విడిచి ఈ వృత్తిలోనికి రాదలచినవారికి ఇందులోని మెళకువలను, ముందుగా ఆలోచింపవలసిన విషయాలను తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అవసరం ఎంత?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ఈ సంఖ్యను 2022 నాటికి 14.9 కోట్లుగా లెక్కకట్టినది. 2050 నాటికి 34.7 కోట్లకు చేరగలదని అంచనా వేసినది. అనగా అప్పటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులన్నమాట. మతిమరుపు వ్యాధితో, అనగా డిమెన్షియాతో, బాధపడే వృద్ధులు దేశంలో సుమారు 88 లక్షలమంది ఉన్నారని 2023లో ప్రచురితమైన మరొక పరిశోధన తెలిపినది. ఇంతమందిని ఆసుపత్రులలో ఉంచడం సాధ్యం కాదు, ఉచితమూ కాదు. వృద్ధులలో చాలామంది కోరుకొనేది తమ ఇల్లు, తమ మంచం, తమ కిటికీయే.

మా ఇంట జరిగినది

ఈ విషయం మాకు పుస్తకాలవలన తెలిసినది కాదు. కొన్నేళ్ల క్రితం మా దాదీకి పక్షవాతం వచ్చి కుడివైపు చెయ్యి, కాలు పడిపోయినవి. ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చుకొన్న తరువాత ఇంటిల్లిపాదిమీ ప్రేమతోనే సేవ చేసినాము. కాని ప్రేమ ఒక్కటే చాలలేదు. ఆమెను కదిలిస్తే నొప్పి కలుగునేమోనని వెల్లకిలా పడుకోబెట్టియే ఉంచినాము. రెండవ వారంలో నడుము క్రింద చర్మం ఎర్రబడినది. మేము నూనె రాసి గట్టిగా మర్దన చేసినాము. నాలుగు రోజులలో అది పుండుగా మారినది.

అప్పుడు ఒక అక్క పనికి వచ్చినది. ఆమె పద్దెనిమిదేళ్లపాటు ఒక దర్జీ దుకాణంలో జాకెట్లు కుట్టినది. తయారుగా కుట్టిన బట్టల వాడకం పెరిగి, కుట్టుపని తగ్గిపోగా, నలభై దాటిన వయసులో శిక్షణ పొంది ఈ వృత్తిలోనికి వచ్చినది. పుండును చూచి మమ్ములను నిందించలేదు. "నొక్కితే ఎరుపు పోకుండా ఉన్నదంటే అప్పటికే లోపల దెబ్బ తిన్నదన్నమాట. అక్కడ రుద్దకూడదు, బరువు తీసివేయాలి" అని మాత్రం చెప్పినది. మరునాడే దాదీ చొక్కాలు నాలుగు తెప్పించుకొని, వీపు వెంట నిలువునా కత్తిరించి, నాడాలు కుట్టినది. ఆనాటినుండి పడిపోయిన చేతిని పైకి ఎత్తకుండానే బట్టలు మార్చగలిగినాము. పద్దెనిమిదేళ్ల కుట్టుపని వ్యర్థం కాలేదని మాకు ఆనాడు తెలిసినది.

పనిలోని మెళకువలు

ఈ పనికి ఓపిక ఉంటే చాలునని పలువురి అభిప్రాయం. ఓపిక అవసరమే, అయితే నేర్చుకొనవలసిన విద్య కూడా ఉన్నది. ముఖ్యమైనవి కొన్ని చెబుతాము.

స్వయంగా కదలలేనివారిని సాధారణంగా రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, నడుము క్రిందిభాగం, భుజాల వెనుక ఎముకలు — ఈ చోట్ల చర్మాన్ని ప్రతిదినం పరీక్షించాలి. మంచంమీదినుండి కుర్చీలోనికి మార్చేటప్పుడు చేతులు పట్టి లాగరాదు. భుజం కీలు తప్పే ప్రమాదం ఉన్నది. చక్రాల కుర్చీకి ముందు బ్రేకు వేసి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి, మనిషిని దగ్గరకు తీసుకొని లేపాలి. ఈ పద్ధతి తెలియక తమ నడుమునే పోగొట్టుకొన్న సేవకులు ఉన్నారు. పక్షవాతం వచ్చినవారికి బట్టలు తొడిగేటప్పుడు బలహీనమైన చేతికి ముందు తొడగాలి. విప్పేటప్పుడు బలమైన చేతినుండి ముందు విప్పాలి.

అన్నం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టి, ఒక ముద్ద మింగినదీ లేనిదీ చూచి మరొకటి పెట్టాలి. తిన్న తరువాత అరగంటసేపు పడుకోబెట్టరాదు. పొలమారడం తరచుగా జరిగితే, అన్నం ఊపిరితిత్తులలోనికి పోవుచున్నదేమోనని వైద్యునికి తెలుపాలి. మధుమేహం ఉన్నవారికి ఉన్నట్టుండి చెమటలు పట్టి, వణుకు వచ్చినచో చక్కెర తగ్గినదని అనుమానించాలి. మూతి ఒకవైపు జారినా, చెయ్యి వాలినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

స్నానం విషయంలో ఒక ధర్మం ఉన్నది. తుడుస్తున్న భాగం తప్ప మిగిలిన శరీరాన్ని దుప్పటితో కప్పి ఉంచాలి. ఏమి చేయబోవుచున్నదీ ముందుగా చెప్పి, సరేననిన తరువాతనే చేయాలి. మాట పడిపోయినవారికైనా సిగ్గు, అభిమానం పోవు.

చేయవలసినదానితోపాటు చేయరానిది కూడా తెలిసి ఉండాలి. ఇంటివద్ద సేవ చేసేవారు నర్సులు కారు. తమంతట తాము మందు మోతాదు మార్చరాదు. అర్హత లేనిదే ఇంజెక్షను ఇవ్వరాదు. వేళకు మందు ఇచ్చినదీ, తిన్నదీ, మలమూత్రాలు, రక్తపోటు — ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచితే వైద్యునికి అంతకంటె మేలైన సహాయం లేదు.

మాట కూడా చికిత్సయే

మతిమరుపు వ్యాధి వచ్చినవారితో వాదించి గెలువలేము. ఎన్నడో గతించిన తల్లి ఇప్పుడు వస్తుందని ఎదురుచూచే వృద్ధురాలికి సత్యం చెప్పి ఏడిపించుటకంటె, "మీ అమ్మగారు ఏమి వండేవారు?" అని అడిగి మాటలలో పెట్టడం మంచిది. సాయంకాలం పొద్దు వాలుతున్నప్పుడు వీరిలో కలత పెరుగుతుంది. దీపాలు ముందుగానే వెలిగించి, సందడి తగ్గించాలి.

ఇక్కడ రెండు భాషల మధ్య పెరిగిన మనవంటి విద్యార్థులకు సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించినారు. ఒకే భాష తెలిసినవారికంటె రెండు లేక అంతకుమించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడినదని, చదువు రానివారిలో సైతం ఈ తేడా కనిపించినదని అందులో తేలినది. అయితే వ్యాధి ముదిరినప్పుడు తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లిభాష మిగిలి ఉండడం పలువురిలో కనబడుతుంది. మా దాదీ చివరి నెలలలో తెలుగు మరచిపోయినది. అక్కకు ఉర్దూ అంతగా రాదు. అయినా "పానీ", "దర్ద్", "కర్వట్" వంటి ఇరవై మాటలు మాచేత చెప్పించుకొని, తెలుగు అక్షరాలలో వ్రాసుకొని, గోడకు అంటించుకొన్నది. ఆ ఇరవై మాటలే వారిద్దరి మధ్య వంతెనగా నిలిచినవి.

ఎవరు రావచ్చును? ఎట్లు నేర్వవచ్చును?

నడివయసులో పని మారడం తేలిక కాదు. పాత పనిలో మేస్త్రీగా ఉన్నవారు ఇక్కడ మరల ఒకటవ తరగతిలో కూర్చొనవలసి ఉంటుంది. కాని వట్టి చేతులతో రారు. బడి ఆయాకు ఓర్పు, హోటలు వంటవానికి మెత్తగా వండే నేర్పు, డ్రైవరుకు వేళ తప్పని అలవాటు ముందే ఉంటాయి. గల్ఫు దేశాలనుండి తిరిగివచ్చిన పురుషులకు కూడా ఇందులో చోటు ఉన్నది. వృద్ధులైన పురుషులు తమకు స్నానం చేయించుటకు పురుషుడే కావాలని కోరడం సహజం.

జాతీయ నైపుణ్య విధానం క్రింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే పేర్లతో శిక్షణలు ఉన్నవి. వృద్ధుల సంరక్షకులకు శిక్షణనిచ్చే పథకం కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖకు కూడా ఉన్నది. చేరేముందు ధ్రువపత్రం ఎవరు ఇస్తారో, ఆసుపత్రిలో ప్రత్యక్షంగా ఎన్ని దినాలు నేర్పుతారో విచారించాలి. బొమ్మమీద నేర్చినది మనిషిమీద చాలదు.

ఒప్పుకొనేముందు

పన్నెండు గంటల పనియా, ఇరవైనాలుగు గంటల పనియా? రాత్రి నిద్ర ఎన్ని గంటలు, ఎక్కడ? భోజనం ఎవరిది? ఏజెన్సీ ద్వారా వెళితే జీతంలో ఎంత మినహాయిస్తారు? ఇంటిల్లిపాదికీ వంట, అంట్లు కూడా ఈ పనిలో చేరతాయా? ఇవి ముందే కాగితంమీద పెట్టుకొనాలి. ఇళ్లలో పనిచేసేవారికి వారానికి ఒక్కమారైనా వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన ఒడంబడిక చెబుతున్నది. లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే గుర్తించినది.

విదేశీ ఆశలు చూపేవారి విషయంలో జాగ్రత్త అవసరం. బ్రిటను దేశం 2022 ఫిబ్రవరిలో సంరక్షకులకు వీసా తలుపులు తెరిచినది. 2024 మార్చినుండి కుటుంబాన్ని వెంట తీసుకొనివెళ్లే వీలు తొలగించినది. 2025 జూలైలో విదేశాలనుండి కొత్త నియామకాలకు ఆ దారినే మూసివేసినది. తలుపులు ఇట్లు మూడేళ్లలో మారుతుండగా, అప్పుచేసి దళారికి సొమ్ము కట్టడం వివేకం కాదు.

మేము నేర్వని పాఠం

చివరిగా మా తప్పు ఒకటి చెప్పుకొనాలి. దాదీ ఒంటిని తాకే అక్కకు మేము టీ గ్లాసు వేరుగా ఉంచినాము. తీరిక దొరికినప్పుడు అంట్లు కూడా తోమమన్నాము. ఒక తెల్లవారుజామున దాదీ కన్నుమూసినప్పుడు బంధువులందరూ మమ్ములను ఓదార్చినారు. ఏడు నెలలు రాత్రులు మేలుకొన్న అక్క వంటింటి గడపవద్ద ఒంటరిగా ఏడ్చినది. ఆమెను ఓదార్చినవారు లేరు. మూడవనాడు ఆనాటివరకు లెక్కకట్టి జీతం చేతిలో పెట్టినాము. ఆమె సంచీ తీసుకొని వెళ్లిపోయినది. తాను సేవించిన మనిషి, తన జీవనోపాధి ఒక్క గడియలోనే పోయే వృత్తి ఇది. ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలన్న ఆలోచన మాకు రానే లేదు.

వృద్ధసేవను పుణ్యకార్యమని పొగడి, చేసేవారిని తక్కువగా చూడడం మన సమాజంలోని పెద్ద వైరుధ్యం. ఈ పనికి వచ్చేవారు విద్య నేర్చుకొని రావాలి. పిలుచుకొనేవారు మర్యాద నేర్చుకొని పిలువాలి. మన కళాశాల విద్యార్థులలో కొందరి తల్లులు ఇట్టి పని చేస్తూ ఉండవచ్చును. అట్టివారు ఆ మాట చెప్పుటకు ఇక సంకోచింపనక్కరలేదు. దాదీ వీపు పుండు రెండు నెలలలో మానినది. దానిని మాన్పిన చేతులకు ఏ చదువుకూ తీసిపోని నేర్పు ఉన్నదని మేము కళ్లారా చూచినాము.