పెరటి దీపానికి ఎర్తు

బెంగుళూరులో మా యింటి పెరడు పెద్దది కాదు. తులసికోట, కరివేపచెట్టు, నాలుగు మల్లెపొదలు, అంతే. సాయంకాలము పూట నలుగురము కూర్చొనుటకు వీలుగా ఉంటుందని అక్కడొక ఇనుప స్తంభము పాతించి దీపము పెట్టించాము. ప్రక్కనే ఒక ఇనుపకడ్డీని నేలలో దిగగొట్టించి, దానిని తీగతో స్తంభానికి కలిపించి, ఎర్తు పని అయినదని నిశ్చింతగా ఉన్నాము.

ఒక వానాకాలపు సాయంత్రము మొగ్గలు కోయుటకు వెళ్ళిన మా కోడలు స్తంభము పట్టుకొని "అమ్మో" అని కేకవేసి వెనుకకు పడినది. కాళ్ళకు రబ్బరు చెప్పులుండబట్టి చేయి జుమ్మనుటతో పోయినది. దీపము మాత్రము వెలుగుతూనే ఉన్నది! ఎర్తు ఉండగా ఇట్లెందుకు జరిగినది?

మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియను లెక్కవేసి చూపించాడు. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులు. ఒంటరి కడ్డీకి నేలతో నిరోధము 20 ఓములనుకొంటే, లోపలి తీగ స్తంభానికి తగిలినపుడు నేలలోకి పోయే విద్యుత్తు 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతమాత్రానికి పడదు. స్తంభములో షాకు అట్లే నిలిచియుంటుంది. ఎం.సి.బి. కాపాడునది తీగలను, మనిషిని కాపాడుటకు వేరొకటి కావలెను.

అందుచేత మూడు మార్పులు చేయించాము.

మొదటిది, స్తంభమునుండి పచ్చని ఎర్తు తీగను దీపపు తీగలతోపాటే తెచ్చి, ఇంటి మెయిను బోర్డులోని ఎర్తుకు కలిపించాము. ఆ ఎర్తు గొట్టము కూడ సరియైనదై యుండవలెను. భారతీయ ప్రమాణము 3043 దానికి రెండున్నర మీటర్ల పొడవు చెప్పుచున్నది. నీటి గొట్టానికి ఎర్తు కలిపే పాత అలవాటు పనికిరాదు. ఇప్పుడు చాల యిండ్లలో అవి ప్లాస్టిక్ గొట్టములు.

రెండవది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పోయిన విద్యుత్తుకు, తిరిగి వచ్చిన విద్యుత్తుకు అంత తేడా వచ్చినచో సెకనులో మూడవ వంతు గడువకముందే అది సరఫరా ఆపివేస్తుంది. అయితే రెండు తీగలను రెండు చేతులతో పట్టుకొన్నవానిని అదీ కాపాడలేదు.

మూడవది, తీగలను గొట్టములో ఉంచి పార తగులని లోతున పూడ్పించి, అతుకులను నీరు చొరని పెట్టెలలో ఉంచాము. టేపు చుట్టి వదలిన అతుకు ఒక్క వానకు ఆగదు.

ఇవి మన చేతులతో చేసికొనే పనులు కావు. లైసెన్సు గలవానిచేతనే చేయించవలెను. ఎర్తు నిరోధమును మీటరుతో కొలిపించవలెను. అదియు నేల బాగా ఎండిన వేసవిలోనే, ఏలనన నిరోధము ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఆర్.సి.సి.బి. మీద పరీక్షకై ఒక చిన్న మీట ఉంటుంది. నొక్కగానే సరఫరా ఆగవలెను. ఆగకపోతే దానిని మార్పించవలెను. నెలనెలా ఈ పత్రిక ఇంటికి వచ్చిన రోజున మేము ఆ మీట నొక్కి చూస్తున్నాము. ఇది చదివి ముగించగానే మీరును లేచి ఒకసారి మీ బోర్డు చూడగోరుచున్నాము.