మీకు తెలుసా? ఆవు కవలలకూ నోబెల్‌కూ చుట్టరికం

ఆవు కూడా మనలాగే తొమ్మిది నెలలు మోస్తుంది. ఎద సూది వేయించిన తేదీ గోడ మీద రాసిపెట్టుకున్న రైతు దానికి 280 రోజులు కలుపుకుంటే చాలు, ఈనే రోజు దాదాపుగా తెలిసిపోతుంది. హోల్‌స్టీన్, జెర్సీ ఆవులకు ఈ లెక్క బాగా సరిపోతుంది. ఒంగోలు, గిర్ లాంటి మూపురం జాతులు ఇంకో వారం పైనే తీసుకుంటాయి. గేదెది మాత్రం పది నెలల పైమాట, 310 రోజుల దాకా మోస్తుంది. కడుపులో ఉన్నది కోడెదూడైతే పెయ్య కంటే ఒకటి రెండు రోజులు ఆలస్యం. కవలలైతే వారం ముందే వచ్చేస్తాయి.

ఈనే ముహూర్తం పెట్టేది తల్లి కాదు, దూడ! నెలలు నిండిన దూడ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాని అడ్రినల్ గ్రంథులను తట్టిలేపుతుంది. వాటి నుంచి కార్టిసాల్ వెలువడుతుంది. దాంతో తల్లి ఒంట్లో హార్మోన్ల లెక్క తారుమారై నొప్పులు మొదలవుతాయి. పుట్టుకతోనే పిట్యూటరీ సరిగా ఏర్పడని దూడ కడుపులో ఉంటే గడువు దాటి వారాలు గడిచినా ఆవు ఈనదు. 1960లలో న్యూజీలాండ్ వైద్యుడు మాంట్ లిగిన్స్ గొర్రెల మీద పరిశోధించి ఈ గుట్టు విప్పాడు. ఆ పనిలో ఉండగానే, నెలలు నిండకుండా పుట్టిన గొర్రెపిల్లల ఊపిరితిత్తులు కార్టిసాల్ లాంటి మందుతో త్వరగా పక్వానికి వస్తున్నాయని గమనించాడు. నెలలు తక్కువ కాన్పు తప్పదనుకున్న తల్లికి డాక్టర్లు ఇప్పుడు ముందుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కథ అక్కడే మొదలైంది.

ముహూర్తం దూడదే అయినా వేళను మనం కాస్త జరపవచ్చు. కెనడాలోని మానిటోబా రైతు గస్ కోనెఫల్ చూడి ఆవులకు మేత రాత్రి పొద్దుపోయాక వేయడం మొదలుపెట్టాడు. ఆయన మందలో నూటికి ఎనభై దాకా ఆవులు పగటిపూటే ఈనాయి. తర్వాత ఇతరులు చేసిన పరిశీలనల్లోనూ రాత్రి మేత పగటి ఈతలను పెంచింది. ఇలా ఎందుకు జరుగుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. అయినా టార్చిలైటు పట్టుకుని రాత్రంతా కొట్టంలో జాగారం చేసిన వాళ్లకు కారణంతో పనేముంది?

చూడి ఆవుకు కుడి డొక్కనే ఎందుకు నొక్కి చూస్తారు? ఎడమ వైపంతా నెమరుపొట్ట ఆక్రమించుకుని ఉంటుంది కాబట్టి.

అహల్య పెళ్లి కథ వినే ఉంటారు. భూమిని ముందుగా చుట్టి వచ్చిన వాడికే పిల్లనిస్తానన్నాడు బ్రహ్మ. దేవతలంతా పరుగు తీస్తే, గౌతముడు ఈనుతున్న ఆవు చుట్టూ ప్రదక్షిణ చేసి వచ్చి గెలిచాడు. తల్లి ముఖం ఒక వైపు, బయటికి వస్తున్న దూడ ముఖం మరో వైపు ఉండే ఆ క్షణంలోని ఆవును ఉభయతోముఖి అన్నారు. దాన్ని చుట్టి వస్తే భూప్రదక్షిణతో సమానమట. ఈ కథ అల్లిన వాళ్లెవరో కొట్టంలో నిలబడి ఈత చూసిన వాళ్లే అని నా అనుమానం. సరైన ఈతలో దూడ నీళ్లలోకి దూకే ఈతగాడిలా ముందుకాళ్లు రెండూ చాచి, వాటి మీద మూతి ఆనించి వస్తుంది. ముందుగా కనిపించేవి గిట్టలు. వాటి అడుగుభాగం నేలవైపు తిరిగి ఉంటే సాధారణంగా అవి ముందుకాళ్లు, భయం లేదు. ఆకాశం వైపు తిరిగి ఉంటే వెనక కాళ్లు కావచ్చు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. దూడ పడ్డాక పన్నెండు గంటల్లోగా మాయ పడిపోవాలి. పడకపోతే లాగకూడదు. కొన్ని ఊళ్లలో ఆ మాయను గడ్డిలో చుట్టి మర్రిచెట్టుకు వేలాడదీస్తారు, పాలుకారే చెట్టుకు కడితే ఆవుకు పాలు పెరుగుతాయని.

ఇక జున్ను. మనిషి బిడ్డకు రోగాలను ఎదిరించే యాంటీబాడీలు తల్లి కడుపులో ఉండగానే మాయ గుండా అందుతాయి. ఆవు మాయ వాటిని దాటనివ్వదు. దూడ రక్షణ ఏమీ లేకుండానే భూమ్మీద పడుతుంది. దానికి కావలసినదంతా ముర్రుపాలలో ఉంటుంది. కానీ దూడ పేగు ఆ యాంటీబాడీలను యథాతథంగా రక్తంలోకి పంపగలిగేది పుట్టిన తర్వాత సుమారు ఒక్క రోజే. గంటలు గడిచే కొద్దీ ఆ దారి మూసుకుపోతూ ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడు గంటల్లో తాగించిన పాలకే విలువ ఎక్కువ. మొదటి రోజు మొత్తంమీద దూడ బరువులో పదో వంతు తాగించాలంటారు. 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లన్నమాట. జున్నంటే నాకూ ప్రాణమే, యాలకులూ మిరియాలూ దంచివేసి బెల్లంతో వండితే ఇంకా ఇష్టం. అయినా మొదటి పూట పాలు పంచిపెట్టే ఇంటికి వెళ్లి గిన్నె చాపడం మాత్రం తప్పే. దూడ కడుపు నిండాక మిగిలిందే మనది.

ఇప్పుడు అసలు సంగతికి, కవలల దగ్గరికి వద్దాం. ఆవుకు సాధారణంగా ఈతకు ఒకటే దూడ. పాడి జాతుల్లో నూటికి మూడు నుంచి ఐదు ఈతల్లో, మాంసం కోసం పెంచే జాతుల్లో నూటికి ఒకదానిలో కవలలు పుడతాయి. రెండూ పెయ్యలైతే ఇంటిల్లిపాదికీ పండగే. ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే ఆ పెయ్య నూటికి తొంభై పాళ్లు గొడ్డుదే అవుతుంది. ఇంగ్లండు రైతులకు ఇది ఎప్పటి నుంచో తెలుసు, అలాంటి పెయ్యను వాళ్లు ఫ్రీమార్టిన్ అనేవారు. 1779లో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు ఈ పెయ్యలను కోసి చూసి, రాయల్ సొసైటీకి వివరం సమర్పించాడు. కారణం దొరకడానికి మాత్రం 1916 దాకా ఆగాల్సి వచ్చింది. షికాగోలో ఫ్రాంక్ లిల్లీ కబేళాల నుంచి తెప్పించిన ఆవు గర్భాశయాలను పరీక్షించాడు. కవల దూడల మాయల్లోని రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కోడె ఒంట్లో పుట్టిన హార్మోన్లు ఆ దారిన పెయ్యలోకి చేరి, దాని గర్భాశయమూ అండాశయాలూ ఎదగకుండా చేస్తున్నాయి. కోడెకు పెద్ద నష్టమేమీ లేదు. మనుషుల్లో ఆడా మగా కవలలకు ఈ బాధ లేదు, మామూలుగా వాళ్ల రక్తనాళాలు ఇలా కలవవు కాబట్టి.

కథ ఇక్కడితో అయిపోలేదు. అమెరికాలో మేరీలాండ్‌లోని ఒక గర్న్సీ ఆవు ఒకే ఎదలో రెండు ఆబోతులతో కలిసింది, ఒకటి గర్న్సీ, రెండోది హియర్‌ఫర్డ్. పుట్టిన కవలల్లో ఒకదానికి ఒక తండ్రి, రెండోదానికి ఇంకో తండ్రి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పశువుల రక్తవర్గాలు పరిశీలించే రే ఓవెన్ దగ్గరికి ఆ దూడల రక్తం వచ్చింది. చూస్తే ప్రతి దూడ రక్తంలోనూ ఇద్దరు తండ్రుల గుర్తులూ ఉన్నాయి! తన కణాలతో పాటు తోడబుట్టినదాని రక్తకణాలనూ ఒళ్లు తయారుచేసుకుంటోంది, పరాయివని తరిమికొట్టడం లేదు. 1945లో ఓవెన్ ఈ సంగతి ప్రచురించాడు.

కొన్నాళ్లకు ఇంగ్లండులో పీటర్ మెదవార్‌కు ఒక చిన్న పని పడింది. కవల దూడల్లో ఏవి అచ్చంగా ఒకే అండం నుంచి వచ్చినవో, ఏవి వేర్వేరువో చెప్పాలి. సులువే అనుకున్నాడు. ఒకదాని చర్మం ముక్క ఇంకోదానికి అతికిస్తే సరి, వేర్వేరువైతే ఊడిపోతుంది. తీరా అతికిస్తే దాదాపు అన్నిటికీ అతుక్కుంది. తల పట్టుకున్న మెదవార్‌కు ఓవెన్ వ్యాసం దారి చూపించింది. పుట్టకముందే పరిచయమైన పరాయి కణాలను ఒళ్లు తనవిగానే ఎంచుతుందని ఆయన బృందం 1953లో ఎలుకల మీద రుజువు చేసింది. 1960 నోబెల్ బహుమతి మెదవార్‌కూ, ఈ ఊహను సిద్ధాంతంగా చెప్పిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మాక్‌ఫార్లేన్ బర్నెట్‌కూ కలిపి వచ్చింది. పరాయి అవయవాన్ని ఒళ్లు ఎప్పుడూ తోసేస్తుందన్న నిరాశ అలా సడలింది. రే ఓవెన్ పేరు ఆ బహుమతిలో లేదు. ఉండాల్సింది.

కోడెతో కవలగా పెయ్య మీ ఇంట పుడితే ఏళ్ల తరబడి మేపి ఎదురుచూడనక్కర్లేదు. దూడగా ఉన్నప్పుడే యోని పొడవు కొలిచి పశువైద్యుడు చెప్పేయగలడు. గొడ్డుదైతే ఆ పొడవు మామూలు దానిలో మూడో వంతే ఉంటుంది.

ఒక ఆవు జీవితంలో ఎన్ని దూడలు? ఏడాదికో దూడ అనేది పాడి పుస్తకాల ఆశ. 305 రోజులు పాలు పితికి, ఈనే ముందు 60 రోజులు వట్టిపోనిచ్చి విశ్రాంతి ఇస్తే సరిగ్గా 365. కడుపులో దూడ బరువులో మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది కాబట్టి ఆ విశ్రాంతి అవసరం. కొట్టంలో మాత్రం ఎద గమనించకపోవడం, సూది నిలవకపోవడం లాంటివాటితో ఈతకూ ఈతకూ మధ్య పద్నాలుగు, పదిహేను నెలలు మామూలే. బాగా చూసుకున్న ఆవు ఎనిమిది, పది ఈతలు ఈనగలదు. అమెరికా పెద్ద డెయిరీల్లో రెండు మూడు ఈతలకే చాలా ఆవులను తీసేస్తారు. రికార్డు మాత్రం ఐర్లండులోని కెర్రీ ప్రాంతపు బిగ్ బెర్తాది. 1945లో పుట్టి, 49వ పుట్టినరోజుకు మూడు నెలల ముందు 1993 చివర్లో చనిపోయింది. మొత్తం 39 దూడలు! సెయింట్ ప్యాట్రిక్ పండగ ఊరేగింపులో జనం సందడికి బెదరకుండా దానికి కాస్త విస్కీ పట్టేవారట.

ఆ రికార్డును కాగితం మీద చిన్నబుచ్చగల ఆవు బ్రెజిల్‌లో ఉంది. వయాటినా-19 అనే ఆ ఆవుది నెలోర్ జాతి. అంటే మన ఒంగోలు పశువుల సంతతే, నెల్లూరు పేరుతో అక్కడ స్థిరపడింది. 2023లో దాని యాజమాన్యంలో మూడో వంతు వేలంలో అమ్ముడైంది. ఆ ధర ప్రకారం ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు, సుమారు 35 కోట్ల రూపాయలు. బరువు 1,101 కిలోలు. అంత డబ్బు పెట్టింది పాలకో మాంసానికో కాదు, అండాలకు. పెయ్యదూడ పుట్టేటప్పుడే దాని అండాశయాల్లో లక్షకు పైగా అండాలుంటాయి. మామూలుగా ఎదకు ఒకటే విడుదలవుతుంది. స్కానింగ్ చూస్తూ సూదితో అండాలను తీసి, ప్రయోగశాలలో ఫలదీకరించి, వారం పెంచి, వేరే ఆవుల గర్భంలో పెడతారు. మోసేదీ ఈనేదీ ఆ ఆవులే. ఈ పద్ధతిలో ఒక ఆవు తాను ఒక్కసారీ ఈనకుండానే ఏడాదిలో పదుల దూడలకు తల్లి కాగలదు.